పదకొండు పగుళ్లు

మొగలిలంక,
8 జులై 2024

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ అందరం కుశలమని మొదలుపెట్టాలి గాని, నాకేం కుశలంగా లేదు. ఒళ్లు మండిపోతోంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. నేను గట్టిగా అరిచి అడుగుతాను, నువ్వు "ఆయ్, ఆయ్" అంటావు. ఫోను పెట్టేశాక నువ్వు దేనికి ఆయ్ అన్నావో నాకు తెలీదు, వీధి చివర వీరదుర్గకి మాత్రం అంతా తెలుస్తుంది. కాగితం మీదైతే నువ్వు తప్పించుకోలేవు.

మన సహోదర సంఘం మందిరం పడగొట్టి కొత్తది కడతారట. నిన్న ఆరాధన అయ్యాక కార్యదర్శి బాబూరావు లేచి చెప్పేడు. స్లాబు, గాజు తలుపులు, ఏసీ, రంగు దీపాలు. ఫోనులో బొమ్మ కూడా చూపించేడు. అమలాపురంలో కొత్తగా పెట్టిన బట్టలకొట్టులా ఉంది. "నూట ముప్ఫై ఐదేళ్ల కట్టడమండీ టీచరుగారూ, రేపు ఎవరి నెత్తినైనా పడితే జవాబెవరు చెబుతారండీ?" అన్నాడు. ఏడో ఎక్కం దగ్గర ఏడ్చిన వెధవ, ఇవాళ నాకు లెక్కలు చెబుతున్నాడు.

పైగా, పడగొట్టేలోపు మందిరం చరిత్ర నాలుగు పేజీలు నన్నే రాసిపెట్టమన్నాడు. కొత్త గోడకి పలక వేయిస్తాడట. మనిషిని చంపి, పటానికి దండ నన్ను గుచ్చమంటాడు!

సెప్టెంబరు 29 ఆదివారం నాడు సంఘమంతా కూర్చుని నిర్ణయిస్తారు. నువ్వు ముప్ఫై మూడేళ్లు ఇంజినీరుగా వంతెనలు కట్టించినవాడివి. ఒక్కసారి వచ్చి, కళ్లతో చూసి, ఆ గోడలుంటాయో పోతాయో చెప్పు. పోతాయంటే నేను నోరుమూసుకుంటాను. కాకినాడ నుంచి మూడు గంటలు, అంతే.

నీ అక్క,
మార్తమ్మ


కాకినాడ,
15 జులై 2024

అక్కకి వందనాలు.

ఉత్తరం అందింది. ముందు నీ బీపీ చూపించుకో. చేతిరాత చూస్తేనే తెలుస్తోంది.

ఏ కట్టడానికైనా ఆయుర్దాయం ఉంటుంది. పునాదిలో రాయి లేదు, గోడల్లో సిమెంటు లేదు, కాలవగట్టు పక్కన చిత్తడి నేల. నిజానికి 88లో నేను లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగు చేయించబట్టే ఇన్నాళ్లు నిలబడింది. అది మరిచిపోవద్దు.

రావడం మాటంటావా, నా మోకాళ్లు బాగాలేవు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, బస్సెక్కొద్దన్నాడు. చెమ్మ ఎక్కడుంది, పగుళ్లెక్కడున్నాయి, గోడ మందమెంత, రాసి పంపు. చూస్తాను.

ఇంకో మాట. పలకమీద నాన్నగారి పేరు పెద్దక్షరాల్లో ఉండాలన్నదే నీ బాధైతే సూటిగా చెప్పు. బాబూరావుతో నేను మాట్లాడతాను. దానికోసం పాత గోడలన్నీ పట్టుకుని వేలాడక్కర్లేదు.

ఉంటాను.
పాపారావు


మొగలిలంక,
26 జులై 2024

తమ్ముడికి,

నేను పలక కోసం ఏడుస్తున్నానా? డెబ్భై మూడేళ్లొచ్చాయి, నాన్నగారి పేరు రాయిమీద చూసుకుని మురిసిపోవాలా? నీకెవరు చెప్పేర్రా ఈ మాట? గోదారి వరద చెరువుగట్టు దాకా వచ్చి ఊరంతా బిక్కుబిక్కుమంటుంటే, గొడుగేసుకుని వెళ్లి నీ కొలతలు తీసేను. చదువు.

గోడ మందం నా మూరతో ఒకటిన్నర. నడుమెత్తు దాకా చెమ్మ. అక్కడ నీ సిమెంటు ఉబ్బి, పెచ్చులుగా రాలుతోంది. లోపలి ఇటుక మాత్రం గోరుతో గీకితే రాలలేదు. పైన పెంకు కప్పు, తాటి దూలాలు. గోడల నెత్తిమీద చుట్టూ తిరిగిన తాటి పట్టీ ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. పన్నెండు కమానులు, వాటిలో ఏ రెండూ ఒక్కలా లేవు. పదకొండిట్లో కిటికీలు, ఒకదాంట్లో తలుపు. దక్షిణం వైపు మూడోది చిన్నప్పుడు మనం నవ్వుకున్నట్టే పక్కకి ఒరిగి ఉంది.

చరిత్ర రాయడానికి సంఘపు పాత పుస్తకం బయటికి తీసేను. పన్నెండు ఇళ్లవాళ్లు సహోదరులమని ప్రమాణం చేసుకుని 1889లో మొదలుపెట్టేరట. అప్పటికి ఈ చుట్టుపక్కల ఆసాములందరి గోడలూ కట్టింది వాళ్లే, వాళ్లుండేవి తాటాకు పాకలు. మిషను దొరగారు కట్టించి ఇస్తానంటే వద్దన్నారట. మా గోడ మేమే కట్టుకుంటామన్నారట. ఇది రాస్తూ నాకు ఏడుపొచ్చింది, చెబితే తప్పేముంది.

నీకు గుర్తుందా, డిసెంబరు మొదటి శనివారం ఎవరింటి వంతు గోడకి వాళ్లు సున్నం వేసేవాళ్లం? నాన్నగారు కుంచె పట్టుకుంటే నువ్వు బకెట్టు పట్టుకునేవాడివి. మనకి రెండు వంతులు, ఉత్తరం వైపు పక్కపక్కనే. ఎందుకు రెండని అడిగితే "మన పెద్దలు ఒప్పుకున్నార్రా" అనేవారు. నువ్వు సిమెంటు చేయించి రంగులు వేయించేక ఆ వంతులూ పోయాయి, ఆ శనివారమూ పోయింది.

రామచంద్రపురం వైపు పాత ఇళ్లు బాగుచేసే సత్యదుర్గారావు అనే మేస్త్రీని పిలిపించి చూపించేను. గోడ తట్టి చూసి, "గోడ బాగుందండీ అమ్మగారూ, తొడిగిన చొక్కాయే బాలేదండీ" అన్నాడు. సిమెంటు వల్ల నేలలోని చెమ్మ బయటికి పోలేక గోడలోనే తిరుగుతోందట. అది కొట్టేసి గుల్ల సున్నం పూయాలట. నువ్వేమంటావు?

కండక్టరు చేత ఎండు రొయ్యలు పంపేను. అందాయో లేదో ఈసారైనా రాయి.

మార్తమ్మ


కాకినాడ,
6 ఆగస్టు 2024

అక్కకి,

రొయ్యలందాయి.

చొక్కాయల సంగతి నాకు తెలీదు. నేను చదివింది ఇంజినీరింగు. ఇంత తెలిసిన మేస్త్రీ నీకు దొరికేడు కాబట్టి ఆయన్నే అడుగు. మధ్యలో నేనెందుకు?

నన్ను వెక్కిరించాలనుకుంటే మూడు పేజీలు, కొలతలు, ఇంత శ్రమ అక్కర్లేదు. ఒక్క ముక్కలో రాయొచ్చు.

పాపారావు


మొగలిలంక,
26 ఆగస్టు 2024

శ్రీయుత విశ్రాంత ఇంజినీరు పాపారావుగారి సముఖమునకు,

నిన్న ఆరాధన ముగిసేక బాబూరావు ఒక కాగితం తీసి చదివేడు. మొదటి మూడు ముక్కలు నాకు వినపడలేదు. పక్కనున్న అప్పలమ్మ నా చెవిలో చెప్పింది. తమరు దయచేసిన సర్టిఫికెట్టట! "గోడలలో పదకొండు చోట్ల నేల నుండి కప్పు వరకు నిలువు పగుళ్లు కలవు. కట్టడము ప్రమాదకరము. తొలగించవలెను." కింద తమరి సంతకం, తమరి డిగ్రీలు.

అందరూ నా వంక చూసేరు. జులై నుంచి ఊరంతా తిరిగి, "మా తమ్ముడొస్తాడు, వాడు చూశాకే మాట్లాడండి" అని చెప్పుకుంటున్న దాన్ని నేను. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? బాబూరావు మర్యాదగానే అన్నాడు, "మీ తమ్ముడుగారే రాసిచ్చేరండీ టీచరుగారూ, ఇంకేముందండీ" అని. ఆ మర్యాదకే నాకు తల కొట్టేసినట్టయింది.

నేను పిలిస్తే మోకాళ్లు. బాబూరావు అడిగితే సర్టిఫికెట్టు. నాకు రాసిన ఉత్తరంలో దాని ఊసే లేదు. మందిరం చూడకుండా, గోడ ముట్టుకోకుండా, కాకినాడలో కుర్చీలో కూర్చుని మన మందిరానికి ఉరిశిక్ష రాసేవు. ఛీ! నీకు బకెట్టు పట్టుకోవడం నేర్పిన గోడ అది.

నాకు జవాబు రాయక్కర్లేదు.

మార్తమ్మ, రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్


కాకినాడ,
2 సెప్టెంబరు 2024

అక్కా,

రాయొద్దన్నా రాస్తున్నాను.

బాబూరావు జులై నెలాఖరున వాట్సాప్‌లో నలభై ఫోటోలు పంపేడు. పగుళ్లున్నాయి. నేను సృష్టించలేదు. పదకొండు, ఒక్కోటి కింద నుంచి పైదాకా. లోపల పిల్లలు సండేస్కూలుకి కూర్చుంటారు. రేపు గోడ కూలితే ఎవరికి జవాబు చెబుతావు? నీ పుస్తకానికా, నీ మేస్త్రీకా? ఉన్నదున్నట్టు రాసేను. నీకు చెప్పకపోవడం తప్పే. చెబితే ఇలాగే అరుస్తావని చెప్పలేదు.

అసలు సంగతి పగుళ్లు కాదని నాకు తెలుసు. 88లో సంఘం ముందర నాన్నగారిని నేనన్న మాట నువ్వు ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నావు. అందుకే ఆ మేస్త్రీ మాటలు ఏరి మరీ నాకు రాసేవు. నాన్నగారన్నదీ అదే కదా! అదే మాట ఇంకొకడి నోట నాకు వినిపించేవు. ముప్ఫై ఆరేళ్లు ఆగేవు, మెచ్చుకోవాలి.

పాపారావు


మొగలిలంక,
11 సెప్టెంబరు 2024

ఒరేయ్ పాపారావూ,

ఏ మాట? నువ్వు నాన్నగారిని ఏమన్నావు? 88లో నేను మండపేట స్కూల్లో పనిచేస్తున్నాను, పసిపిల్లతో ఏడాది పాటు ఇంటికే రాలేదు. నాన్నగారు నాకేం చెప్పలేదు. నాకు తెలీని విషయానికి నేను పగబట్టేనని నువ్వే ఊహించుకుని, నువ్వే కోపం తెచ్చుకుని, నా మీద ఎగురుతున్నావు. నీకు పనీపాటా లేదా?

అది తరవాత తేలుద్దాం. ముందు ఇది విను. నీ సర్టిఫికెట్టు జిరాక్సు తీయించి, చేతిలో పట్టుకుని మందిరం చుట్టూ తిరిగేను. నువ్వు రాసింది నిజమే, పదకొండున్నాయి. కానీ అన్నీ తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. రెండు కమానుల మధ్య సరిగ్గా ఒక్కోటి. పగులు ఎక్కడైనా కొలత చూసుకుని పుడుతుందిట్రా ఇంజినీరూ?

సత్యదుర్గారావుని మళ్లీ పిలిపించేను. ఒక పగులు దగ్గర జానెడు మేర సిమెంటు కొట్టించేను. బాబూరావు వచ్చి అడ్డం పడ్డాడు. "పడగొట్టే గోడే కదరా, జానెడు కొడితే నీకేం నష్టం?" అన్నాను. పక్కకి తప్పుకున్నాడు. లోపల అటు ఇటుకలు అటే ఆగిపోయాయి, ఇటువి ఇటే. ఒక్క ఇటుక కూడా విరగలేదు. మేస్త్రీ నవ్వేడు. "ఇది పగులు కాదండీ అమ్మగారూ, రెండు గోడలు పక్కపక్కన వేరేగా కట్టేరండీ" అన్నాడు.

అప్పుడు పరుగున ఇంటికొచ్చి పుస్తకం తీసేను. వంతులంటే సున్నం వేసే వంతులనుకున్నాం మనమందరం. కాదురా! కట్టిన వంతులవి! ఒక్కో ఇంటికి ఒక్కో ముక్క గోడ. మూలలు ఇద్దరికి పంచకుండా ఒక్కో ఇంటికే ఇచ్చేరు. ఎవరికి పొలం పని లేని రోజు వాళ్లొచ్చి వాళ్ల ముక్క కట్టుకునేవారు. ఒకరిది మూడు నెలల్లో లేచింది, ఇంకొకరికి మూడేళ్లు పట్టింది. అలాంటప్పుడు ఇటుకలు ఒకదాంట్లో ఒకటి ఎలా కలుస్తాయి? అన్నీ లేచేక పైన ఆ తాటి పట్టీ వేసి అందరినీ కట్టేరు. నీ సిమెంటు సరిగ్గా ఆ అతుకుల మీదే చీలింది. వాళ్లు కట్టిన తీరునే నువ్వు జబ్బని రాసేవు.

ఇంకా ఉంది. గుండ్రంగా తిరిగి వస్తే పన్నెండు వంతులకి పన్నెండు అతుకులుండాలి. నీ లెక్క పదకొండు. పన్నెండోది ఏమైందని వెతికేను. ఉత్తరం వైపు, మన రెండు వంతుల మధ్య. అక్కడ గోడ ఒకటే. అక్కడ కూడా కొట్టించి చూసేను, ఇటుకలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "వీరాయమ్మ విధవ, బిడ్డలు లేరు. వంతు వదలుకొనుటకు ఒప్పలేదు. ఆమె తమ్ముడు పోలయ్య తన వంతుతో కూడ ఆమె వంతు ఎత్తెను. ఆమె ఇటుకలు మోసెను." పోలయ్య మన ముత్తాత.

ఇక నీ ఇష్టం. సర్టిఫికెట్టు నీది, సంతకం నీది.

మార్తమ్మ


కాకినాడ,
18 సెప్టెంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివేను. ఫోటోలు మళ్లీ తీసి చూసేను. నువ్వు చెప్పింది నిజం. నలభై ఫోటోల్లో ఒక్కో పగులూ చూసేను గాని, వాటి మధ్య దూరం చూడలేదు. ఫస్టియరు కుర్రాడు చేసినా తిట్టేవాణ్ణి.

అతుకులైనంత మాత్రాన భయం లేదని కాదు. పైన తాటి పట్టీ గట్టిగా ఉందో లేదో దగ్గరగా చూడాలి, కొన్నిచోట్ల అతుకుల్ని ఇనపకడ్డీలతో కుట్టాలి. అది వేరే పని. పడగొట్టే పని కాదు.

నీకు తెలీదన్నావు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్త. ఊరికి ఏదో చేద్దామని నేనే అందర్నీ ఒప్పించి సిమెంటు బస్తాలు దింపించేను. నాన్నగారు అందరి ముందరా మెల్లిగా అన్నారు, "సున్నం గోడకి సిమెంటు వద్దురా, ఊపిరాడదు" అని. నేను నవ్వేను అక్కా. "మీకేం తెలుసు నాన్నా, తాపీ పట్టుకున్నోళ్లందరూ ఇంజినీర్లయిపోతారా" అన్నాను. కొందరు నవ్వేరు. ఆ డిసెంబరులో నాన్నగారు కుంచె తీసి అటకెక్కించేసేరు. పోయేదాకా మళ్లీ దాని పేరెత్తలేదు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

తరవాత ఉద్యోగంలో ఎన్ని పాత గోడలు చూసేనో. సిమెంటు పూసిన సున్నం గోడ ఎలా కుళ్లుతుందో పాతికేళ్ల క్రితమే నాకు తెలుసు. అందుకే ఆ మందిరంలో అడుగుపెట్టలేదు. మోకాళ్ల నొప్పులు నిజమే గాని, అంత లేవు. పడగొట్టేస్తే ఇంక ఎవరూ చూడరని లోపల ఎక్కడో అనుకున్నాను. అందుకే ఆ కాగితం మీద అంత తొందరగా సంతకం పెట్టేను. సిగ్గుగా ఉంది.

29న వస్తాను. నా కాగితం తప్పని నేనే చెబుతాను. నువ్వు మధ్యలో లేచి ఏమీ మాట్లాడొద్దు, దండం పెడతాను.

నీ తమ్ముడు,
పాపారావు


మొగలిలంక,
30 సెప్టెంబరు 2024

తమ్ముడికి,

నీకు బుద్ధుందా? ఉన్నదంతా చెప్పేసి, అందరూ నోరు తెరుచుకు కూర్చుని ఉండగా "నాకు బస్సుందండీ" అని పారిపోతావా? ఏం నిర్ణయించేరో వినాలని లేదా? అన్నం కూడా తినలేదు. కోడికూర వీరదుర్గ వాళ్లకి పంపించేను.

మోకాళ్లు మోకాళ్లు అని మూడు నెలలు ఏడ్చిన మనిషి నిచ్చెనెక్కి, సుత్తితో తాటి పట్టీ అంతా కొట్టి చూడడం ఊరంతా చూసింది. ఇక ఆ సాకు చెల్లదు.

నువ్వెళ్లేక బాబూరావు లేచేడు. నీ కాగితం పనికిరాదన్నా కొత్త మందిరం కావాలనేవాళ్లు కావాలనొచ్చన్నాడు, చేతులెత్తమన్నాడు. మాట్లాడొద్దన్నావని అప్పటిదాకా పళ్లు బిగపట్టుకున్నాను. నువ్వు లేవు కదా, లేచేను. పుస్తకం తీసి ఏ ఇంటివాళ్లది ఏ వంతో చదివేను, అంతే. ముందు బాబూరావే అడిగేడు, "మాదేదండీ టీచరుగారూ?" అని. దక్షిణం వైపు మూడోదిరా నాయనా అన్నాను. ఒరిగిపోయిన కమాను! అందరూ గొల్లున నవ్వేరు. వాడు నవ్వలేదు. వెళ్లి ఆ కమాను కింద నిలబడి, పైకి చూస్తూ ఉండిపోయేడు. తరవాత ఒక్కొక్కరే లేచి ఎవరి గోడ దగ్గరికి వాళ్లు వెళ్లేరు. చేతులు ఎవరూ ఎత్తలేదు. లెక్కపెట్టడానికి కుర్చీల్లో మనుషులే లేరు.

కాబట్టి మందిరం ఉంటుంది. శనివారం నుంచి సిమెంటు కొడతారు, ఎవరి వంతు వాళ్లు. ఊళ్లో లేని మూడిళ్లవీ మిగతావాళ్లు పంచుకున్నారు. డిసెంబరు మొదటి శనివారానికి సున్నం. పోలయ్య వంతు నీది, వీరాయమ్మ వంతు నాది. మధ్యలో అతుకు లేదు, ఒకటి కొట్టి ఒకటి వదిలేయడానికి కుదరదన్నాడు మేస్త్రీ. నిచ్చెనెక్కగలవాడివి కాబట్టి పైభాగం నీది. కిందిది నేను కుర్చీ వేసుక్కూర్చుని కొడతాను. మొదటి బస్సుకి రా. సుత్తి తెచ్చుకో, నాదివ్వను.

ఇంకొకటి. నిన్న సాయంత్రం అటక మీంచి నాన్నగారి కుంచె దింపించేను. కోపంతో పడేసిన మనిషిదైతే సున్నం గడ్డకట్టి ఉండాలి. ఒక్క పొక్కు లేదురా. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, నీ పాత కాలేజీ చొక్కాలో చుట్టి పెట్టేరు.

నీ అక్క,
మార్తమ్మ